ఐదుగురికి నాలుగు జతలు

సింగ్ నగర్, విజయవాడ
12 అక్టోబరు 2025

జహీదా ఆపాకి,

నీ చెల్లెలు ఇష్రత్ సలాం. ఫోన్ ఉండగా ఉత్తరమేంటని నవ్వుకోకు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోన్లో గ్యాస్ కంప్లయింట్లు వినే ఉద్యోగం నాది. సిలిండర్ రాకపోతే నన్ను తిడతారు, వస్తే బరువు తక్కువుందని మళ్ళీ నన్నే తిడతారు. ఇంటికొచ్చాక ఫోన్ మోగితే ఒళ్ళు మండుతుంది. పైగా నువ్వు ఫోన్లో ‘ఆఁ, ఊఁ’ తప్ప ఇంకేం మాట్లాడవు. కాగితం మీదైతే కాస్త నోరు విప్పుతావు.

విషయం ఏంటంటే, జనవరి సెలవుల్లో మేం మంచులోకి వెళ్తున్నాం. నువ్వూ వస్తున్నావు. మనాలి పక్కన సోలాంగ్ అని ఉంది. అక్కడ కాళ్ళకి పొడుగాటి చెక్కల్లాంటివి కట్టుకుని మంచు మీద జారతారు. స్కీయింగ్ అంటారు. అది డబ్బున్నవాళ్ళ ఆట, మనకెందుకని మా ఆయన కొట్టిపారేశాడు. నేను వదిలితేగా! భోజనం బ్రేకుల్లో కూర్చుని అంతా వాకబు చేశా. కొత్త సంవత్సరం గుంపు ఖాళీ అయ్యాక గదులు చవకట. కోట్లూ బూట్లూ కొనక్కర్లేదు, దారిలోనే అద్దెకిస్తారు. విమానం ఊసే వద్దు, ఢిల్లీ దాకా స్లీపర్, అక్కణ్ణుంచి బస్సు. మనిషికో మాస్టారు అక్కర్లేదు, కొత్తవాళ్ళందరికీ కలిపి ఒకే క్లాసు చెప్తారు, పిల్లలు పడినా దెబ్బ తగలని కొద్దిపాటి వాలులో. హోటళ్ళలో తింటే కొంప మునుగుతుంది కాబట్టి వంటిల్లున్న గది మాట్లాడా. నువ్వుంటే ఇక తిండికి బెంగే లేదు.

ఐదు టికెట్లు, ఒక గది, నాలుగు జతల చెక్కలు. ఇదీ ప్లాను. సిరాజ్ భాయ్‌ని కూడా రమ్మందును గానీ పెళ్ళిళ్ళ బట్టలు పెట్టుకుని మీ ఆయన కుట్టు మిషన్ వదిలి కదలడు కదా.

ఆలోచించకుండా ఔననెయ్యి.
ఇష్రత్


చల్లపల్లి
25 అక్టోబరు 2025

ఇష్రత్ తల్లికి,

ఆపా దుఆలు. పోస్ట్‌మాన్ నీ కవరు ఇస్తుంటే పక్కింటి సంపూర్ణమ్మగారు గోడ మీంచి తొంగి చూసి “ఏంటి జహీదా, కోర్టు నోటీసా?” అంది. ఈ రోజుల్లో చేత్తో రాసిన కవరు ఎవరికొస్తుంది, ఆవిడ తప్పేముంది.

మొన్న మైలవరం వెళ్ళొచ్చా. అమ్మీ చెల్లెలు మన ఖాలా ఉందిగా, ఆవిడ మనవరాలి పెళ్ళి. వచ్చినవాళ్ళు అనుకున్నదానికి రెట్టింపు. బిర్యానీ దించేసరికి నడుం పట్టేసింది. పొగకి కళ్ళు ఇంకా మండుతున్నాయి, భుజాలు పైకి లేవటం లేదు. పెళ్ళికూతుర్ని చూడటం పడలేదు. ఆల్బం వచ్చాక చూపిస్తామన్నారు. జహీదా ఉంటే తిండికి బెంగే లేదని అందరూ మెచ్చుకున్నారు.

మంచు సంగతి బాగుంది. పిల్లలు సరదాపడతారు. నేను రాలేనమ్మా, మోకాళ్ళ నొప్పి. అంత దూరం కూర్చోలేను. మీరు నలుగురూ వెళ్ళిరండి. నాలుగు జతలే చెప్పావు కదా, సరిగ్గా సరిపోతాయి.

సిద్రాకి చెవి పోటు తగ్గిందా? వెల్లుల్లి నూనె గోరువెచ్చగా కాచి వెయ్యమన్నా, వేశావో లేదో. డాక్టరు మానమంటే మానెయ్యి.

మీ ఆపా


సింగ్ నగర్
6 నవంబరు 2025

ఆపాకి సలాం,

తుఫానుకి మీ ఇల్లెలా ఉంది? ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు, తర్వాత సిరాజ్ భాయ్ ఎత్తి ‘అంతా బాగే’ అని పెట్టేశాడు. ఆయన బాగే అంటే ఏం బాగో నాకు తెలుసు. ఇక్కడ బుడమేరు పొంగుతుందేమోనని సామాన్లన్నీ మంచాల మీదికెక్కించుకుని కూర్చున్నాం. ఏమీ కాలేదు. కిందటేడు వరదకి మునిగినవాళ్ళకి చినుకు పడినా గుండెల్లో రాయి పడుతుంది. మంచాల మీంచి అవన్నీ మళ్ళీ దించే ఓపిక లేక సగం ఇంకా అక్కడే ఉన్నాయి. సందు చేసుకుని పడుకుంటున్నాం.

మోకాళ్ళ నొప్పి అంటే ఎలా ఆపా! నిన్నెవరు జారమన్నారు? గదిలో హీటర్ ఉంటుంది. దుప్పటి కప్పుకుని కిటికీలోంచి మంచు చూస్తూ మహరాణిలా కూర్చో. వంటిల్లు గదిని ఆనుకునే ఉంది, ఒక్క మెట్టు కూడా ఎక్కక్కర్లేదు. నిన్ను కాలు కింద పెట్టనివ్వను. నీకు కింది బెర్తు కూడా కొట్టించా, ఇంక తప్పించుకోలేవు.

సిద్రా చెవికి డాక్టరు నూనె వద్దన్నాడు, చుక్కల మందు ఇచ్చాడు. తగ్గింది. అమన్ బట్టల స్టాండు కర్రలు పట్టుకుని హాల్లో జారుతున్నాడు. ఒక టీవీ రిమోట్ పోయింది.

నీ
ఇష్రత్


చల్లపల్లి
17 నవంబరు 2025

ఇష్రత్‌కి దుఆలు,

రెండు రేకులు లేచిపోయాయి, మీ భాయ్ కొత్తవి వేయించాడు. మా ఇల్లేముంది, అసలు పోయింది పొలాలు. కోతకొచ్చిన వరి అంతా నీళ్ళలో పడుకుంది. సంపూర్ణమ్మగారి చేను కూడా. ఆవిడ గోడ మీంచి పలకరించటం మానేసింది.

ఆర్టీసీ పార్శిల్లో అట్టపెట్టె పంపా, బస్టాండులో మీ ఆయన తౌసిఫ్‌ని తీసుకోమను. అల్లం వెల్లుల్లి ముద్ద నూనెలో వేయించి పెట్టా, పాడవదు. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి కవర్లో కట్టా. గరం మసాలా, ఎండు రొయ్యల పొడి, కందిపొడి, గోంగూర. ఏది ఎంత వెయ్యాలో మూతల మీద రాశా. ఇవి ఉంటే నేను లేకపోయినా మీకు గడిచిపోతుంది. మసాలా ఉండగా మనిషెందుకు?

ఆ చెక్కలు ఎంత పొడుగుంటాయి? ఊరికే అడిగా.

జహీదా ఆపా


సింగ్ నగర్
29 నవంబరు 2025

మా బంగారు ఆపాకి,

పెట్టె అందింది! ఇల్లంతా ఒకటే వాసన, పై వాటావాళ్ళు దిగొచ్చి ఏం పండగని అడిగారు. అంటే నువ్వు రావటానికి ఒప్పుకున్నట్టే కదా? రానిదానివి ఇంత మసాలా ఎందుకు పంపుతావు! పైకి ఒకటీ లోపల ఒకటీ, నీ సంగతి నాకు తెలీదా. అన్నీ ఇక్కడి నుంచే తయారుగా తీసుకెళ్తున్నాం కాబట్టి అక్కడ నీకు పెద్ద పనేమీ ఉండదు. అన్నం వండి ఒక కూర తిప్పితే చాలు. మేం జారి జారి చలికి వణుకుతూ వచ్చేసరికి వేడివేడిగా నువ్వు వడ్డిస్తుంటే, అబ్బ, తల్చుకుంటేనే ప్రాణం లేచొస్తోంది.

నా సెలవు సంగతి వింటే నవ్వుతావు. మా టీమ్ లీడర్ వినీల మేడం నాకంటే పదేళ్ళు చిన్నది. “ఇష్రత్ గారూ, జనవరిలో అందరూ అడుగుతున్నారండీ” అంది. అక్కడే ఏడ్చేశా. నిజంగానే ఏడుపొచ్చింది ఆపా, నాటకం కాదు. ఎవరూ నన్ను తిట్టని చోట కాసేపు ఉండాలని ఉంది, అంతే. చివరికి సెలవు ఇచ్చింది.

చెక్కలు మనిషి ఎత్తుంటాయట. నీకెందుకులే, నువ్వు వాటి జోలికి రావక్కర్లేదు.

ఇష్రత్


చల్లపల్లి
6 డిసెంబరు 2025

ఇష్రత్‌కి,

నా టికెట్ రద్దు చెయ్యి. తిరిగొచ్చిన డబ్బుతో సిద్రాకి మంచి ఉన్ని మేజోళ్ళు కొను. మోకాళ్ళు బాగా లేవు. ఇంక ఈ సంగతి నాకు రాయకు.

జహీదా


సింగ్ నగర్
15 డిసెంబరు 2025

ఆపా,

సలాం రాయాలని కూడా లేదు, అయినా సలాం.

ఆదివారం మా ఆయన నీకు చెప్పకుండా, తెల్లారకముందే బండి వేసుకుని చల్లపల్లి వచ్చాడు. ఎందుకనుకున్నావు? నీ మోకాళ్ళకి బెల్టులు, వేణ్ణీళ్ళ సంచీ ఇవ్వటానికి. పెళ్ళిళ్ళ కుట్టుపనికి సిరాజ్ భాయ్ అప్పటికే షాపు తీసి కూర్చున్నాడట. మిషన్ మీద దూది పెట్టి కుట్టిన మందపాటి సల్వారు ఉంది. ఎవరికి భాయ్ అని అడిగితే మొహం పక్కకి తిప్పుకుని “మీ ఆపాకే” అన్నాడట. మీ ఇంటికెళ్తే తాళం. సంపూర్ణమ్మగారు “కాలవగట్టు మీదుంటది బాబూ. రోజూ తెల్లారగానే భాయ్ బూట్లేసుకుని, చేతికో కర్ర పట్టుకుని తిరుగుతాంది. పాముల్ని కొడతాందో ఏంటో నాకైతే తెలవదు” అందట. ఆయన వెళ్ళి దూరం నుంచి చూశాడు. గట్టు ఎక్కుతున్నావు, దిగుతున్నావు. మోకాళ్ళు వంచి మరీ. పలకరించటానికి మొహం చెల్లక తిరిగొచ్చేశాడు. బెల్టులు నా ముందు పడేసి “ఇవి నువ్వే పెట్టుకో” అన్నాడు.

అంటే నొప్పీ లేదు, గిప్పీ లేదు. మంచంటే నీకు ఇష్టమే, మేమే ఇష్టం లేదు. అంతేనా? ఆ మాట మొదటి ఉత్తరంలోనే రాసుంటే పోయేది. నీకోసం కింది బెర్తు కావాలని నేను ఎంతమంది కాళ్ళు పట్టుకున్నానో నీకేం తెలుసు. సిలిండర్ అందినవాడు కూడా అందలేదని అబద్ధం చెప్తాడు, రోజంతా అవే వింటా. నీ దగ్గరైనా నిజం ఉంటుందనుకున్నా.

టికెట్ ఇంకా రద్దు చెయ్యలేదు. రేపు చేస్తా.

ఇష్రత్


చల్లపల్లి
21 డిసెంబరు 2025

ఇష్రత్,

నిజం కావాలన్నావు కాబట్టి రాస్తున్నా. చదివి ఏడవకు. నువ్వు ఏడిస్తే నేను రాసింది తప్పేమోనని మళ్ళీ నేనే సర్దిచెప్పాలి, ఆ ఓపిక ఇప్పుడు లేదు.

మోకాళ్ళు గుర్రంలా ఉన్నాయి. నీ మొదటి ఉత్తరం ఒకసారి గుర్తు చేసుకో. ఐదు టికెట్లు, నాలుగు జతలు. వంటిల్లున్న గది. నేనుంటే తిండికి బెంగే లేదు. మైలవరంలో మూడు పొయ్యిల ముందు నిలబడి అదే మాట విని వచ్చి, ఇంటి గుమ్మంలో నీ ఉత్తరంలో మళ్ళీ అదే చదివా. మంచులోకి కూడా నన్ను గరిటెతోనే తీసుకెళ్తారా అనుకున్నా.

మన ఇళ్ళల్లో ఏ పెళ్ళి ఆల్బమైనా తీసి చూడు. నీ పెళ్ళిదే తీసి చూడు. నేను ఉన్నానా? నీ నిఖా చదువుతుంటే నేను పందిరి వెనక బిర్యానీ డేక్షా మూత మీద నిప్పులు వేస్తున్నా. ‘ఆపా ఏది’ అని నువ్వు అడిగావని తర్వాత ఎవరో చెప్పారు. సంతోషించా. అడిగావు గానీ పిలవటానికి ఎవరూ రాలేదు. వండటం నాకు ఇష్టమే ఇష్రత్. తింటుంటే చూడటం ఇంకా ఇష్టం. కానీ చేతకాని వాళ్ళంతా ముందు వరసలో కూర్చుని, చేతనైనందుకు నేను వెనక ఉండిపోవాలా?

నీకు తెలియని సంగతి ఒకటి చెప్తా, నువ్వు పుట్టకముందుది. మన అబ్బా పొలం కౌలుకి చేసేవాడు. దమ్ము చేసిన మడిని చదును చెయ్యటానికి ఎడ్లకి పెద్ద చెక్క కట్టి తోలేవాళ్ళు. చెక్క బురదలో అణగాలంటే పైన బరువుండాలి. ఆ బరువు నేను. అబ్బా పంచె పట్టుకుని నిలబడేదాన్ని. చెక్క జారుతుంటే నీళ్ళు రెండు పక్కలా చిమ్మేవి. “మోకాళ్ళు వంచవే, పడతావు!” అని అబ్బా అరిచేవాడు. నేను నవ్వేదాన్ని. నా జీవితంలో నేను అంత గట్టిగా ఎప్పుడూ నవ్వలేదు. కాస్త ఎదగ్గానే ఆడపిల్లవని దింపేసి వంటింట్లోకి పంపారు. టీవీలో ఆ మంచు మీద జారేవాళ్ళని చూస్తే నాకు ఆ మడే గుర్తొస్తుంది.

నీ కవరు విప్పి సగం చదివేసరికి ఎంత సంబరపడ్డానో! మీ భాయ్‌ని కేకేశా కూడా. మిగతా సగం చదివాక ఏం లేదులే అన్నా. నొప్పి అని రాశా. అయినా ఆశ ఊరుకోదుగా, బూట్లేసుకుని గట్టెక్కా. మీ భాయ్ నన్నేమీ అడగలేదు, సల్వారు కుట్టాడు.

మీరంటే ఇష్టం లేదని ఎలా అనుకున్నావే? ఆ మాట మాత్రం వెనక్కి తీసుకో.

ఆపా


సింగ్ నగర్
28 డిసెంబరు 2025

ఆపా,

తీసుకున్నా. ఏడవద్దన్నావు, ఏడ్చా. ఆఫీసులోనే చదివా. వినీల మేడం మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఆ పూట నా కాల్స్ తనే తీసుకుంది. మనుషుల్ని ఊరికే తిట్టుకుంటాం.

నేను దాచింది కూడా విను. వరదప్పుడు పిల్లల్ని పడవలోంచి దింపి నీ దగ్గరికి పంపాం. ఇల్లు కడిగి ఆరబెట్టుకునేదాకా నెల్లాళ్ళు వాళ్ళని నువ్వే చూసుకున్నావు. అప్పుడు టీవీలో మంచు చూస్తూ సిద్రాతో ‘చచ్చేలోపు ఒక్కసారి దాని మీద జారాలే’ అన్నావట. అది వచ్చి నాకు చెప్పింది. ఈ ప్రయాణం నీకోసమే ఆపా. మేం నలుగురం నీ వెనక వస్తున్నాం. ఆ మాట ముందే చెప్తే ‘చేసినదానికి బదులు తీర్చుకుంటున్నావా’ అని ముడుచుకుపోతావని ఊరుకున్నా. 

మరి నాలుగు జతలే ఎందుకంటావా? దానికి నన్ను చెప్పుతో కొట్టు. ఇంటికి పెద్దదానివి, పరాయివాళ్ళ ముందు కాళ్ళు పైకి పెట్టి పడితే ఏం బాగుంటుంది, ఆ మాట నీతో ఎలా అనాలి అనుకున్నా. సిద్రా చెప్పినప్పుడు నవ్వేశా. ‘జారటమంటే మాటవరసకి అనుంటుంది, చూస్తే చాలులే’ అనుకున్నా. నీ మర్యాద కాపాడుతున్నానని మురిసిపోయా గానీ, నిన్ను తీసుకెళ్ళి కిటికీ దగ్గర కూర్చోబెడుతున్నానని తోచలేదు.

వంటిల్లు లేని గది తీసుకునే తాహతు లేదు. కాబట్టి ఆ వంటిల్లు నాది. నువ్వు అందులో అడుగుపెడితే మన సంబంధం తెగిపోతుంది. క్లాసులో ఐదో పేరు రాయించా. వయసు అడిగారు, చెప్పా. “పర్లేదండీ, పడి లేచే ఓపికుంటే చాలు” అన్నారు. టికెట్ రద్దు చెయ్యలేదు, కోపంలో రాశా.

సల్వారుకి వెనక వైపు కూడా దూది పెట్టమను భాయ్‌ని. పడేది అటే కదా.

నీ చెల్లెలు
ఇష్రత్


చల్లపల్లి
12 ఫిబ్రవరి 2026

నా ఇష్రత్‌కి,

నీ మణికట్టు ఎలా ఉంది? కట్టు విప్పారా? విప్పినా బిందెలు ఎత్తకు. మొదటి పూటే అలా పడి కూర్చుంటావని ఎవరనుకున్నారు. ‘నేను చూసుకుంటా పదండి’ అని ముందు బయల్దేరినదానివి నువ్వే.

నువ్వు పంపిన ఫోటో అందింది. మీ భాయ్ దానికి ఫ్రేము కట్టించి షాపులో మిషన్ ఎదురుగా తగిలించాడు. నేను వెల్లకిలా పడున్నా. చెక్కలు ఒకదాని మీద ఒకటి, దుపట్టా మెళ్ళో చుట్టుకుపోయి, పై పన్ను లేని చోటు కూడా కనపడేలా నోరు తెరిచి నవ్వుతున్నా. ఇంతకంటే మంచిది లేదా అని భాయ్‌ని అడిగా. “ఇదే మంచిది” అన్నాడు. బట్టలివ్వటానికి వచ్చినవాళ్ళు ఎవరండీ ఈవిడ అంటే “మా ఇంటావిడే” అంటున్నాడు. సంపూర్ణమ్మగారు పనిగట్టుకుని షాపుకెళ్ళి చూసొచ్చింది. “పాములు కాదన్నమాట” అంది. చాలా రోజులకి గోడ మీంచి మాట్లాడింది పాపం.

గట్టు మీద నేర్చుకున్నదేదీ అక్కడ పనికిరాలేదు. మడిలో అబ్బా ఎడ్లని ఆపితే చెక్క ఆగేది. అక్కడ ఆపేవాళ్ళు లేరు. ఎన్నిసార్లు పడ్డానో ఎవరికి తెలుసు, సిద్రా లెక్కపెట్టటం మానేసింది. ఆఖరి రోజు మాత్రం పైనుంచి కింద జెండా దాకా పడకుండా వచ్చా. ఆ ఫోటో ఎవరూ తియ్యలేదు, తియ్యకపోయినా ఫర్లేదు. ఒళ్ళంతా ఇప్పటికీ పులిసిపోయే ఉంది. పొద్దున లేవాలంటే మంచం కోడు పట్టుకుని లేస్తున్నా.

ఒకటి చెప్పాలి. నువ్వు కట్టు చెయ్యి మెడకి వేలాడేసుకుని, ఎడం చేత్తో కిచిడీ వండావు చూడు, ఆ రాత్రి. అడుగంటింది. కంచం నా ముందు పెట్టి, ఇంకా వెయ్యనా ఆపా, సరిపోయిందా ఆపా అని నిలబడ్డావు. నేను తల దించుకుని తిన్నా. అలిసిపోయాననుకున్నావు. అలిసిపోయింది నిజమే, కానీ అందుకు కాదు. నేను తింటుంటే అలా ఎదురుగా నిలబడి అడిగినవాళ్ళు అమ్మీ పోయాక ఎవరూ లేరు. ఉప్పు బాగా ఎక్కువైంది. అప్పుడు చెప్పబుద్ధి కాలేదు, ఇప్పుడు చెప్తున్నా.

నిన్న మైలవరం ఖాలా ఫోన్ చేసింది. రంజాన్ వెళ్ళాక మనవడి పెళ్ళట. “నువ్వున్నావుగా జహీదా, తిండికి మాకేం బెంగ” అంది. “ఈసారి బెంగ పెట్టుకోండి ఖాలా, నేను పెళ్ళికొస్తున్నా” అన్నా. ఆవిడ “సరేలే” అంది. ఫోన్ పెట్టేశా. ఏదో తప్పు చేసినదానిలా సాయంత్రం దాకా ఇంట్లో తిరుగుతూనే ఉన్నా.

మీ భాయ్ పెళ్ళికి నాకు కొత్త డ్రెస్ కుడతానంటున్నాడు. బెజవాడ వన్‌టౌన్‌లో ముదురు ఆకుపచ్చ గుడ్డ దొరికితే తీసి పంపు. ఫోటోలో కనపడాలి.

మీ ఆపా
జహీదా